చేవెళ్ల దారిలో బరువు లెక్క

మా బావమరిది పద్నాలుగేళ్లుగా చిలుకూరు బాలాజీకి బాకీ. డబ్బు బాకీ కాదు లెండి, ఆ గుళ్లో అసలు హుండీయే లేదు. ప్రదక్షిణల బాకీ! అమెరికా వీసా రావాలని మొక్కుకుని పదకొండు తిరిగాడు. వీసా చేతికొచ్చిన వారానికే విమానం ఎక్కేశాడు. కోరిక తీరాక తిరగాల్సిన నూట ఎనిమిది అలాగే ఉండిపోయాయి. మొన్న సెలవులకి డాలస్ నుంచి వచ్చినప్పుడు మా అత్తగారు మొదటిరోజే తేల్చి చెప్పేశారు... "ముందు గుడికి పో. తర్వాతే చుట్టాలిళ్లు."

అట్లా ఒక ఉదయం మెహదీపట్నంలో బయల్దేరాం. మొయినాబాద్ మండలంలో చిలుకూరు, అక్కణ్నుంచి చేవెళ్ల అవతల మా అత్తగారి పుట్టిల్లు. వాళ్ల అన్నయ్యకి స్వీట్ల డబ్బా ఇచ్చి, రెండు సంచుల క్యారెట్లు తెచ్చుకోవాలన్నది ప్రణాళిక. దారి పొడుగునా మావాడు మాట్లాడింది మాత్రం దేవుడి గురించీ కాదు, క్యారెట్ల గురించీ కాదు... కొక్కెం గురించి!

కారు వెనక ఇల్లు

రెండేళ్ల క్రితం వాళ్లొక ట్రావెల్ ట్రైలర్ కొన్నారట. చక్రాల మీద చిన్న ఇల్లన్నమాట. మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, స్నానాల గది అన్నీ ఉంటాయి. దాన్ని కారు వెనక తగిలించుకుని, భార్యనీ ఇద్దరు పిల్లల్నీ ఎక్కించుకుని సెలవులకి అడవులు, కొండలు తిరుగుతారు. మన దగ్గర కారు వెనక ఇల్లు లాక్కెళ్లేవాళ్లు అరుదు. అమెరికాలో మాత్రం మనవాళ్లలోనూ ఈ సరదా బాగానే పాకింది.

ఆ సరదాకి గత వేసవిలో గట్టి దెబ్బ తగలబోయింది. హైవే మీద పక్కనుంచి ఒక పెద్ద ట్రక్కు దూసుకుపోయిందట. ఆ గాలి తోపుకి వెనకాల ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఎడమకీ కుడికీ, ఒక్కో ఊపుకీ ఇంకాస్త ఎక్కువగా! మనవాడు స్టీరింగు తిప్పి సరిచేయబోతే ఇంకా పెరిగింది. వెనక సీట్లో పిల్లలు ఏడుపు. చివరికి యాక్సిలరేటర్ వదిలేసి, ట్రైలర్ బ్రేకు మాత్రం చేత్తో నొక్కితే ఆగిందట. "ఆ ఇరవై సెకన్లు ఇప్పటికీ కల్లోకొస్తాయి బావా" అన్నాడు. అప్పట్నుంచీ వాళ్లావిడ ఆ ట్రైలర్ ఎక్కలేదు. అమ్మేద్దాం అంటుంది. మంచి కొక్కెం ఒకటి కొంటే సరిపోతుందని వీడు. ఇంట్లో ఇదే తగవు. వచ్చే వేసవికి పిల్లలకి మాటిచ్చేశాడు కూడా.

ఆ కొక్కేన్ని అక్కడ వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ అంటారు. బరువు పంచే కొక్కెం. ఎన్ని రకాలున్నాయో! గుండ్రటి కడ్డీలవి, పలక కడ్డీలవి, గొలుసులతో బిగించేవి, ఊగకుండా నాలుగు చోట్ల ఒరుసుకుంటూ పట్టుకునేవి. ఫోనులో బొమ్మలు చూపిస్తూనే ఉన్నాడు. నేను అప్పా జంక్షన్ దగ్గర బండ్ల మధ్య తంటాలు పడుతున్నాను.

నూట ఎనిమిది

గుళ్లో ఆవేళ జనం మరీ ఎక్కువేం లేరు. తిరిగిన లెక్క మర్చిపోకుండా అంకెలున్న కాగితం, దాని మీద టిక్కు పెట్టుకుంటూ తిరగడం చిలుకూరు పద్ధతి. ఇంజినీర్లు ఎక్కువగా వచ్చే గుడి కదా, లెక్క పక్కాగా ఉంటుంది! మావాడు యాభై దాటాక చెప్పులు లేని కాళ్లు చూసుకున్నాడు. ఎనభై దగ్గర నీడలో కూర్చున్నాడు. పక్కన ఎవరో కుర్రాడు పదకొండే తిరిగేసి హుషారుగా వెళ్లిపోతుంటే అసూయగా చూశాడు. మొత్తానికి మూడు గంటల్లో బాకీ తీరింది.

ఈ చుట్టుపక్కల ఇంకా చెట్టూ చేనూ కనిపిస్తున్నాయంటే దానికో కారణం ఉంది. 1908 మూసీ వరదల తర్వాత నగరాన్ని కాపాడ్డానికి కట్టినవే 1920 నాటి ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. ఉస్మాన్‌సాగర్ అంటే మన గండిపేటే. ఆ నీళ్లు పాడవకూడదని 1996లో 111 జీవో తెచ్చి 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. 2022లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు. ఫామ్‌హౌసుల గోడలు మాత్రం అంతకు చాలా ముందు నుంచే లేస్తున్నాయి. గోడల మధ్య సందుల్లోంచి పూల తోటలు, పాలీహౌసులు కనిపిస్తుంటాయి. గుడిమల్కాపూర్ మార్కెట్లో మీరు కొనే పూలలో ఇటువైపు నుంచి వచ్చేవి చాలానే.

మళ్లీ బీజాపూర్ రోడ్డెక్కాం. మొయినాబాద్ దాటి కనకమామిడి, తోల్కట్ట... ఇక్కణ్నుంచి ఈ దారి అందమే వేరు. రెండు వైపులా మర్రిచెట్లు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో దాదాపు 900 ఉంటాయంటారు. ఊడలు కారు నెత్తిన తగులుతాయా అన్నట్టుంటుంది. రోడ్డు వెడల్పు చేయాలా, చెట్లు నిలపాలా అన్న తగవు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. చెట్ల కింద నిలబడి చూస్తే చెట్లు కావాలనిపిస్తుంది. ఎదురుగా లారీ వస్తుంటే రోడ్డు కావాలనిపిస్తుంది. నేనెటువైపో నాకే తెలీదు.

ఆ లారీల మాట తేలిగ్గా అనడం లేదు. చేవెళ్ల దాటాక మీర్జాగూడ దగ్గర 2025 నవంబర్ 3న, సోమవారం పొద్దున, కంకర టిప్పర్ తాండూరు నుంచి నగరానికి వస్తున్న ఆర్టీసీ బస్సును ఢీకొట్టింది. కంకరంతా బస్సులోకి కుమ్మరించుకుపోయింది. 19 మంది పోయారు. ఆ చోటు వచ్చేసరికి కార్లో ఎవరం మాట్లాడలేదు. ఫోనులో కొక్కేల బొమ్మలు కూడా ఆగిపోయాయి.

నొగ లేపి చూడాలె

మామయ్య ఇంటి ముందు ట్రాక్టరు నిలబడి ఉంది. వెనక రెండు చక్రాల ట్రాలీ. ఆయన కొడుకు, ఇద్దరు కూలీలు కడిగిన క్యారెట్ బస్తాలు ఎక్కిస్తున్నారు. మామయ్యకి ఎనభైకి దగ్గర. నులక మంచం మీద కూర్చుని, ఏ బస్తా ఎక్కడ పడాలో చేతికర్రతో చూపిస్తున్నాడు.

"గా ఎన్కకెందుకేస్తున్రు? మొదలు ఇరుసు మీద పడనియ్యుండ్రి. ఆనక ముంగట. ఆఖరుకు ఎన్క."

మా బావమరిది స్వీట్ల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మామా, ఎందుకట్లా?" అన్నాడు.

"ఎందుకేంది అల్లుడా, ఎన్క బరువైతె ట్రాలీ ముక్కు పైకి లేస్తది. ట్రాక్టరు పిర్రలు లేపుతది. పెద్ద టైర్లకు పట్టు పోతది. ముంగట మరీ ఎక్కువైతె ట్రాక్టరు ముంగటి చక్రాలు అల్కగైతయ్. ఇగ స్టీరింగు తిప్పినా తిరగదు."

నాలుగు ముక్కల్లో అయిపోయింది! మావాడు ఫోనులో నెలల తరబడి చదివింది ఇదే. మంచం పట్టె మీద కూర్చుని తన కథంతా చెప్పాడు. తోక ఊగడం, పిల్లల ఏడుపు, కొనబోయే కొక్కెం. మామయ్య అంతా విని, "కొక్కెం సంగతి ఆనక. బండి ఎన్క ఏమేమి కట్టినవ్?" అన్నాడు.

మావాడు ఆలోచించి చెప్పాడు... వెనక బంపరుకి స్టాండు, దాని మీద నాలుగు సైకిళ్లు. అదీకాక వాడిన నీళ్లు పట్టే ట్యాంకు ఇరుసుకి వెనక ఉంటుంది. ఆరోజు దాన్ని ఖాళీ చేయకుండానే బయల్దేరారు.

"ఇగ తోక ఊపకుంటె ఏం జేస్తది!" అని మామయ్య నవ్వాడు.

తర్వాత ఆయన చెప్పింది పాత ఎడ్లబండి లెక్క. ఆయన చిన్నప్పుడు కూరగాయలు పొద్దుగూకాక బండి కడితే తెల్లారేసరికి మీర్ ఆలం మండికి చేరేవట. దారంతా ఈ మర్రిచెట్ల కిందే. బండి నింపాక ఎడ్లను కట్టకముందు ఒక మనిషి ముందుకెళ్లి నొగ పట్టుకుని లేపి చూసేవాడు. "అల్కగ లేస్తె ఎన్క బరువున్నట్టు. ఇద్దరు పట్టినా లేవకుంటె ముంగట బరువున్నట్టు. ఒక్కడు ముక్కుకుంట లేపితె సరి." కాడి మీద బరువెక్కువైతే ఎద్దు మెడ పుండవుతుంది, కూలబడుతుంది. మరీ తక్కువైతే కాడి గాల్లోకి లేచి మెడ కింద తాడు గొంతుకి పడుతుంది. గడ్డ ఎక్కేటప్పుడు బండివాడు ముందుకు జరిగేవాడు, దిగేటప్పుడు వెనక్కి. తన ఒంటి బరువే అతనికి తక్కెడలో రాయి.

ఎద్దు మెడ మీద పడే ఈ బరువు గురించి పట్టించుకున్న పెద్దమనుషులూ ఉన్నారు. బెంగళూరు ఐఐఎం డైరెక్టరుగా చేసిన ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండ్లని బాగుచేయాలని ఏళ్ల తరబడి పోరాడారు, అందుకోసం కార్ట్‌మాన్ అనే సంస్థ పెట్టారు. మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే ఆయనకి బండ్లేమిటని నవ్వినవాళ్లకి కొదవలేదేమో గానీ, మామయ్యలాంటి వాళ్లు మాత్రం నవ్వి ఉండరు.

కుంగిన మంచం, బిగించిన నులక

ఇక కొక్కెం లెక్క. మామయ్య నొగ లేపి తెలుసుకున్నదాన్నే అమెరికావాళ్లు అంకెల్లో పెట్టారు. నిండిన ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా కొక్కెం మీద పడాలి. పదికి తగ్గితే తోక ఊగే ప్రమాదం. పదిహేను దాటితే కారు వెనక్కి కుంగుతుంది. ఇంగ్లండులో ట్రైలర్లు చిన్నవి, వేగాలూ తక్కువ, అక్కడ 5 నుంచి 7 శాతం చాలంటారు. కాబట్టి ఏ దేశం లెక్క ఆ దేశపు బండికే.

వెనక బరువు ఎక్కువైతే ఊగడం దేనికంటే... ఇరుసు వెనక ఉన్న బరువు ఒక పక్కకి కదిలితే, బండి ముక్కుని రెండో పక్కకి తోస్తుంది. ముక్కు కారు తోకని తోస్తుంది. కారు కాస్త తిరిగేసరికి వెనక బరువు ఇంకా విసురుగా వస్తుంది. ఒక వేగం దాటాక ఇది దానంతటదే పెరుగుతుంది తప్ప తగ్గదు. అందుకే అలాంటప్పుడు స్టీరింగుతో కుస్తీ పట్టకూడదు, కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. మావాడు ఆఖర్న చేసిందే సరైన పని.

మరి బరువు ముందుకి సర్దేస్తే కొక్కెంతో పనేముంది? ఉంది. సరిగ్గా సర్దినా ఆ బరువంతా కారు వెనక చివర పడుతుంది కదా! కారు తక్కెడ కోల అనుకోండి, వెనక చక్రం దాని ముల్లు. చివర్న బరువు వేలాడదీస్తే ముందు భాగం లేస్తుంది. మావాడి బండి కొలతలకి, కొక్కెం మీద 325 కిలోలు పడితే వెనక చక్రాల మీద 450 దాకా పెరుగుతుంది, ముందు చక్రాల మీద 130 దాకా తగ్గుతుంది. స్టీరింగు, బ్రేకు పట్టు ఉండేది ఆ ముందు చక్రాల్లోనే. రాత్రి లైట్లు కూడా రోడ్డు వదిలి ఎదుటివాడి కళ్లలో పడతాయి.

మామయ్య కూర్చున్న నులక మంచమే నాకు బాగా అర్థమయ్యేలా చెప్పింది. మంచం మధ్యలో కుంగితే ఏం చేస్తాం? కాళ్ల వైపు తాడు లాగి బిగిస్తాం. కుంగిన మధ్యభాగం లేస్తుంది, బరువు నాలుగు కోళ్లకీ వెళుతుంది. కారూ ట్రైలరూ కలిసే చోటు కూడా మంచం నడుము లాంటిదే. కొక్కెం నుంచి ట్రైలర్ కిందికి రెండు స్ప్రింగు కడ్డీలు వెళతాయి. వాటిని గొలుసుతోనో బ్రాకెట్టుతోనో పైకి బిగిస్తే ఆ నడుము లేస్తుంది. వెనక చక్రాల మీది బరువులో కొంత కారు ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ చక్రాలకీ పోతుంది. బరువు తగ్గదు, పంచుకుంటారు, అంతే.

కడ్డీలు 600, 800, 1000, 1200 పౌండ్లు... ఇలా తరగతులుగా అమ్ముతారు. అసలు చిక్కిక్కడే. మావాడికి ట్రైలర్ అమ్మినవాళ్లు పుస్తకంలో ఉన్న ఖాళీ బండి బరువు చూసి 600 వాటిని బిగించి పంపారు. బండి ఖాళీగా ఎవరు తిప్పుతారు? గిన్నెలు, దుప్పట్లు, నీళ్లు, గ్యాసు అన్నీ ఎక్కాక ఉన్న బరువే లెక్క. అలాగని పెద్దదైతే మంచిదనీ కాదు. తక్కువ బరువుకి మరీ బిరుసు కడ్డీలు వేస్తే వంగవు, గుంట వచ్చినప్పుడల్లా దెబ్బంతా ట్రైలర్ చట్రం మీద పడుతుంది. కారు కింద బిగించిన రిసీవరు ఎంత మోస్తుంది, కారు మొత్తం మీద ఎంత మోయగలదు అన్నవి వేరే చూసుకోవాలి. రెండో అంకె డ్రైవరు తలుపు దగ్గర చీటీ మీదే ఉంటుంది, మనమే చదవం. కొన్ని కార్ల కంపెనీలు ఈ కొక్కెం వద్దనే అంటాయి. కాబట్టి కారు పుస్తకం తీయక తప్పదు. ఇక ఒకటి మాత్రం ఏ కొక్కెమూ చేయలేదు. వెనక్కి మొగ్గిన బండిని ఇది సరిచేయదు, కొన్నాళ్లు దాచిపెడుతుందంతే. ఊగకుండా పట్టే రకాలైనా అంతే.

మామయ్య కొడుకు ట్రాక్టరు పిన్ను దూర్చి, దానికి క్లిప్పు పెట్టి, లాగి చూశాడు. ట్రాక్టరుకి కొక్కెం ఇరుసు కన్నా కిందే ఉండాలి. పైన కడితే బరువు లాగేటప్పుడు ట్రాక్టరు ముందు చక్రాలు లేచి వెనక్కి బోల్తా పడుతుంది. ఈ సంగతి మామయ్య ఇంట్లో పదేళ్ల మనవడికి కూడా తెలుసు. తెలియనట్టు నటించేది మనుషుల్ని ట్రాలీలో ఎక్కించేటప్పుడే. పెళ్లికనీ జాతరకనీ ముప్పైమంది నిలబడి వెళుతుంటారు. క్యారెట్ బస్తా వేసినచోట కదలకుండా ఉంటుంది. మనిషి ఉండడు, మలుపులో అందరూ ఒకే పక్కకి పడతారు. ఆ మాట అంటే మామయ్య కొడుకు నావైపు చూసి, మళ్లీ ట్రాలీ వైపు చూసి, ఊరుకున్నాడు.

ట్రాక్టరు కదిలింది. మావాడు దాని వెనకే రోడ్డుదాకా నడిచాడు. ట్రాలీ తోక ఎటూ ఊగలేదు. తిరుగు ప్రయాణంలో చేవెళ్ల దగ్గర ధర్మకాంటా బోర్డు కనపడితే కారు ఆపమన్నాడు. మా కారు తూచడానికేమో అనుకున్నాను. కాదు, లారీల్ని ఎట్లా ఎక్కిస్తున్నారో చూడ్డానికట. అక్కడ అరగంట. ఇంటికొచ్చేసరికి క్యారెట్లు వడిలిపోయాయని అత్తగారు ఇద్దర్నీ కలిపి వాయించారు.

డాలస్ వెళ్లాక నెలకి ఫోను చేశాడు. ట్రక్కులు ఆగే బంకులో కాటా ఉంటే మూడుసార్లు ఎక్కించాడట. కడ్డీలు బిగించి ఒకసారి, వదిలేసి ఒకసారి, ట్రైలర్ విప్పేసి కారొక్కటే ఒకసారి. పోయిన వేసవిలో కట్టినట్టే సైకిళ్లు, ట్యాంకులో నీళ్లు పెట్టి చూస్తే ట్రైలర్ 2,700 కిలోలు, కొక్కెం మీద 225. అంటే ఎనిమిది శాతం చిల్లర. సైకిల్ స్టాండు తీసేసి, ట్యాంకు ఖాళీ చేసి మళ్లీ తూచాడు. ట్రైలర్ 2,520 కిలోలు, కొక్కెం మీద 325. పదమూడు శాతానికి చేరింది. పైసా ఖర్చు లేదు! దీనికి కారు డిక్కీలో పెట్టే సామాను 70 కిలోలు కలుపుకుంటే దాదాపు 870 పౌండ్లు. వెయ్యి తరగతి కడ్డీలు తెచ్చి బిగించాడు. బిగించకముందు, బిగించాక ముందు చక్రం పైన మడ్‌గార్డు ఎత్తు టేపుతో కొలిచి, లేచిన ఎత్తులో సగం పైగా దిగేదాకా సర్దాడట. పిల్లల సైకిళ్లు రెండూ కారు నెత్తిన. పెద్దవాళ్లవి ఇంట్లోనే.

"మరి అక్కయ్య గారు... అదే, మీ ఆవిడ ఎక్కిందా?" అని అడిగాను.

"ఊరి చుట్టూ ఒక రౌండు వచ్చింది. హైవే ఎక్కనంది. చూడాలి."

ఆ అంకెలన్నీ కాగితం మీద రాసుకుని, తర్వాత చేవెళ్ల వెళ్లినప్పుడు మామయ్యకి చదివి వినిపించాను. శాతాలు, పౌండ్లు అన్నీ ఓపిగ్గా విన్నాడు.

"మంచిదే. మరి నొగ ఎవ్వరు లేపి చూసిండ్రు?" అన్నాడు.